టెంపోరల్ లోబ్ మూర్ఛకు ఆపరేషన్: ఎంత తీస్తారు, ఏది ముట్టుకోరు

[తెర మీద: మెదడు పక్కనుంచి, చెవి దగ్గర టెంపోరల్ లోబ్‌కు రంగు]

కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టుంటుంది. ఆపైన చూపు నిలబడిపోతుంది, పెదవులు చప్పరిస్తారు, చేత్తో చొక్కా గుండీలు తడుముతారు. ఒకటి రెండు నిమిషాలకు తేరుకుంటారు. కాళ్లూచేతులూ కొట్టుకోవు కాబట్టి ఇంట్లోవాళ్లు పరధ్యానం అనుకుంటారు.

సరైన మందులు రెండు, సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగలేదంటే మూడోది ఆపే అవకాశం చాలా తక్కువ. ఆపరేషన్ మాట అడగాల్సింది అప్పుడే, పదిహేనేళ్లు మందులు మార్చాక కాదు. 2001లో వెలువడిన కెనడా అధ్యయనంలో 80 మందిని రెండు జట్లు చేశారు. ఏడాదికి స్పృహ తప్పే ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ జట్టులో 58 శాతం, మందుల జట్టులో 8. మొదటి జట్టులో నలుగురికి అసలు ఆపరేషనే జరగలేదు, వాళ్లను కలిపినా ఆ లెక్క!

[తెర మీద: ఎమ్మారై, ఒక హిప్పోకాంపస్ చిన్నగా, తెల్లగా]

హిప్పోకాంపస్ అంటే టెంపోరల్ లోబ్ లోపల ఉండే, జ్ఞాపకాలకు అవసరమైన భాగం. అది ఇలా కుంచించుకుపోయినా మామూలు ఎమ్మారైలో తప్పిపోవచ్చు. దాని పొడవుకు లంబంగా తీసే కరోనల్ చిత్రాలు కావాలి. తర్వాత వీడియో ఈఈజీ, అంటే వీడియో తీస్తూనే మెదడులోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్ష: ఆస్పత్రిలోనే మందులు తగ్గించి, ఎప్పుడూ వచ్చే ఫిట్‌నే కెమెరాలో పట్టుకుంటారు. ఫిట్ మొదలైన వైపూ, ఎమ్మారైలో దెబ్బతిన్న వైపూ ఒకటే అయితే దారి సులువు.

జ్ఞాపకశక్తి పరీక్షను లాంఛనం అనుకోవద్దు. ఎడమవైపు తీస్తే పేర్లు, మాటలు గుర్తుండటం తగ్గొచ్చు. ముందు జ్ఞాపకం బాగున్నవాళ్లకే ఆ నష్టం ఎక్కువ, ఎందుకంటే తీసేసే భాగం ఇంకా పనిచేస్తోంది. రెండువైపులా మాత్రం తీయరు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే మూర్ఛ రోగికి అలా తీశాక, కొత్తగా కలిసిన మనిషి కూడా గుర్తుండేవాడు కాదు.

[తెర మీద: లోబ్ ముందు కొస నుంచి స్కేలు]

కొలత ముందు కొస నుంచి. కుడివైపు సుమారు 4 నుంచి 5 సెంటీమీటర్లు; మాట ఉండే ఎడమవైపు 3 నుంచి 3.5. లోపలి నీటిగది తెరిచి హిప్పోకాంపస్‌ను, దాని ముందుండే అమిగ్డలా అనే చిన్న భాగాన్ని తీస్తారు. అక్కడున్న పలచటి పొర చిరగకూడదు. దానికి అవతలే మెదడుకాండం, కంటిని కదిలించే నరం, యాంటీరియర్ కొరాయిడల్ ధమని ఉంటాయి. ఆ ధమని మూసుకుపోతే అవతలివైపు చేయీ కాలూ పడిపోతాయి. నీటిగది పైకప్పులో చూపు తీగలుంటాయి. అవి తెగితే రెండు కళ్లకూ అవతలివైపు పైన పావు భాగం కనిపించదు. చాలామందికి అది తెలియనే తెలియదు, అందుకే బండి నడిపేముందు చూపు పరీక్ష తప్పదు.

ఆపరేషన్ అయిన మర్నాటి నుంచీ మందులు మామూలే. ఫిట్స్ లేకుండా ఏడాదో రెండేళ్లో గడిచాకే డాక్టరు ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. ఫిట్స్ మళ్లీ మొదలైతే మొదట ఎమ్మారైలో చూసేది హిప్పోకాంపస్ వెనక ముక్క మిగిలిందా అని. అది మిగిలి ఉంటే రెండో ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు.