రొట్టె పట్టుకుంటే ఉద్యోగం వస్తుందా?

(దృశ్యం: నెల్లూరు స్వర్ణాల చెరువు ఘాట్. మోకాలి లోతు నీళ్లలో జనం. తలల మీద కొంగులు, చేతిరుమాళ్లు.)

"ఉద్యోగం రొట్టె! ఉద్యోగం రొట్టె ఎవరికి కావాలమ్మా?"

మొహర్రం వచ్చిందంటే బారాషహీద్ దర్గా పక్కన చెరువులో ఈ కేకలే కేకలు. దీన్నే రొట్టెల పండుగ అంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, సొంతిల్లు రొట్టె, విదేశీయానం రొట్టె. పద్ధతి అందరికీ తెలిసిందే. కోరిక ఉన్నవాళ్లు రొట్టె పట్టుకుంటారు. తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి అదే కోరిక పేరున రొట్టెను ఇంకొకరికి వదులుతారు. పన్నెండు మంది ముస్లిం వీరుల సమాధులున్న దర్గా ఇది. చెరువులోకి దిగేవాళ్లలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉంటారు. మతం అడిగి రొట్టె ఇచ్చేవాళ్లు ఇక్కడ ఉండరు.

మరి రొట్టె పట్టుకుంటే ఉద్యోగం వస్తుందా? రాదు. పరీక్ష హాల్లో రొట్టె వచ్చి జవాబులు రాయదు కదా. అయినా ఈ ఆచారాన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు. ఎందుకో చెబుతాను.

(దృశ్యం: దగ్గరగా రెండు జతల చేతులు. ఒకరి చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టెలు.)

ఆ నీళ్లలో పది నిమిషాలు నిలబడితే ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

"ఏం ఉద్యోగం కోసం పాపా?"

"డీఎస్సీ రాస్తన్నానక్కా."

"మా వాడికి కానిస్టేబుల్ రావాలని ఇక్కడే పట్టుకున్నా. వచ్చింది. తెల్లారకముందే లేచి గ్రౌండులో పరిగెత్తేవాడు పాపం. నువ్వూ బాగా చదువుకో, తల్లీ."

గమనించారా? రొట్టె మహిమ చెబుతూ చెబుతూ కొడుకు పరుగు గురించి కూడా ఆవిడే చెప్పేసింది. ఆ అమ్మాయి చేతికి రొట్టెతో పాటు, ఇలాంటి ఇంటి నుంచే ఒకడు గట్టెక్కాడన్న కబురు కూడా అందింది. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ర్యాంకర్ల ఫోటోలు చూస్తే టెన్షన్ వస్తుంది. ఇక్కడ ధైర్యం వస్తుంది.

అయితే ఇందులో ఒక చిక్కుంది. లక్ష్యాన్ని నలుగురికీ చెబితే సాధిస్తామని మనం అనుకుంటాం. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో దానికి విరుద్ధంగా తేలింది. "నేను ఫలానా అవుతాను" అన్న మాటను ఎదుటివాళ్లు విని గుర్తిస్తే, సగం అయిపోయినట్టే అనిపించి శ్రమ తగ్గింది. అదే శాస్త్రవేత్త అంతకు పదేళ్ల ముందే ఇంకో విషయం రాశాడు: "ఫలానా వేళకు, ఫలానా చోట, ఫలానా పని చేస్తాను" అని ముందే ఖాయం చేసుకున్నవాళ్లు ఎక్కువగా పూర్తి చేస్తారు. కాబట్టి రొట్టె తిని ఇంటికెళ్లి ఫోన్ పట్టుకుంటే లాభం లేదు. ఆ రాత్రే ఏ సబ్జెక్టు ఎన్ని గంటలకో కాగితం మీద పెడితే రొట్టెకు పని దొరికినట్టు.

ఈ ఆచారంలో నాకు అన్నిటికన్నా నచ్చేది తిరిగి రావడం. పని అయ్యాక దేవుణ్ణి మరిచిపోవడం తేలిక. ఇక్కడ మాత్రం మళ్లీ అదే నీళ్లలో నిలబడి, నిన్నటి మనలాంటి మనిషిని వెతికి, వాళ్ల చేతిలో పెట్టాలి. కృతజ్ఞతను మనసులో అనుకుంటే సరిపోదు, పిండి కలపాలి, కాల్చాలి, బస్సెక్కాలి.

(దృశ్యం: కార్తీకమాసం, తెల్లవారుజాము. నల్లబట్టల్లో స్వాములు, పంపు దగ్గర చన్నీళ్ల స్నానం.)

ఇప్పుడు మాల గురించి. ఒంగోలైనా కావలైనా, కందుకూరైనా గూడూరైనా, ప్రతి వీధికీ ఒక కథ ఉంటుంది: ఏడాదంతా తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ చుక్క ముట్టడు. ఇరుముడి దించి, మాల తీసిన వారానికి మళ్లీ మామూలే. జనం నవ్వుతారు. "భక్తి అంతేనా?" అంటారు.

నేనైతే నవ్వను. ఆ నలభై ఒక్క రోజులూ ఏం జరిగిందో చూడండి. భార్య, పిల్లలు, అంగడివాడు, ఆఖరికి పాత తాగుబోతు స్నేహితుడు కూడా "స్వామీ" అనే పిలిచారు. పొద్దున్నే చన్నీళ్లు, ఒంటిపూట భోజనం, నేల మీద పడక, సాయంత్రం పూజ. తాగడానికి వేళా లేదు, తోడూ లేదు. ఆ మనిషికి ఒక్కసారిగా సంకల్పబలం పుట్టుకొచ్చిందని కాదు, చుట్టూ ఉన్నదంతా మారింది. నలభై రెండో రోజున గురుస్వామి మాల తీస్తే, దాంతో పాటు ఆ పిలుపు, ఆ వేళలు, ఆ తోడు మొత్తం పోయాయి. మెడలో పూస లేదు, సాయంత్రం ఖాళీ. ఇక ఏం మిగిలింది?

పైగా నలభై ఒక్క రోజుల్లో అలవాటు స్థిరపడిపోతుందన్న నియమమేమీ లేదు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక కొత్త పని తనంతట తానే జరిగిపోయే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి. కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మాల తీశాక కూడా సాయంత్రం ఆరింటికి ఎక్కడుంటాడో, ఎవరితో ఉంటాడో ముందే చూసుకున్న మనిషికి దీక్ష కలిసొస్తుంది. రంజాన్ ఉపవాసాలైనా, క్రైస్తవుల శ్రమల దినాలైనా ఇదే సంగతి. నెల తర్వాతి నెల ఎలా గడుస్తుందన్నదే అసలు పరీక్ష. మద్యానికి బాగా బానిసైన మనిషి మాత్రం ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం. వణుకు, ఫిట్స్ రావచ్చు. మాలకు ముందే డాక్టరును కలవాలి.

జపం గురించి చిన్న మాట. 2001లో ఇటలీ పరిశోధకులు 23 మంది చేత లాటిన్‌లో జపమాల ప్రార్థన, మరోసారి ఒక బౌద్ధ మంత్రం చదివించి చూశారు. రెండింటికీ శ్వాస నిమిషానికి ఆరుసార్ల దగ్గరికి నెమ్మదించింది, గుండె లయ కుదురుకుంది. ఏ దేవుడి పేరన్నది శరీరం పట్టించుకోలేదు.

(దృశ్యం: పెన్నా ఒడ్డు, ఆపైన మూలాపేట వీధులు.)

ఇంతవరకూ చెప్పింది ఎవరి బాగు వాళ్లు చూసుకోవడం. నా చదువు, నా మానుడు, నా ప్రశాంతత. అక్కడితో ఆగిపోయే భక్తిని ఎదుగుదల అనడానికి నాకు నోరు రాదు.

శివుడు గొప్పా విష్ణువు గొప్పా అని కొట్టుకునే కాలంలో, పదమూడో శతాబ్దంలో, భారతాన్ని హరిహరనాథుడికి అంకితమిచ్చిన తిక్కన ఊరు నెల్లూరు. ఆ ఊళ్లోనే 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష పట్టారు. ఆయన భక్తుడే. ఉపవాసమూ మతం నేర్పిన ఆయుధమే. దాన్ని తన పుణ్యం కోసం వాడుకోకుండా, గుడి తలుపు దగ్గర ఆపేసిన మనుషుల కోసం వాడారు. తలుపులు తెరుచుకున్నాయి.

ఒంగోలు వైపు ఇంకో కథ. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. మతం మారడం మంచిదా కాదా అన్న వాదన ఈ వీడియోలో పెట్టుకోను. నన్ను ఆకట్టుకునేది వేరే. తరతరాలుగా వెట్టి చేసిన మనిషి ఊరి పెద్ద ఎదుట నిలబడి "ఆదివారం పనికి రామయ్యా" అనగలిగాడు. దానికి దెబ్బలూ తిన్నారు. బడికి పిల్లల్నీ పంపారు. ఆత్మగౌరవం మీద నేడు వచ్చే సెమినార్లన్నీ ఆ ఒక్క మాట ముందు నాకు చిన్నవిగానే కనిపిస్తాయి.

(దృశ్యం: ఆసుపత్రి వరండా. బెంచీ మీద ఒక మనిషి, మణికట్టుకు దారం.)

చివరగా, దీన్ని దాటవేయలేను. మతం మనిషిని కుంగదీయడమూ ఉంది. కెన్నెత్ పార్గమెంట్ బృందం 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఆసుపత్రిలో చేరిన దాదాపు 600 మంది పెద్దవయసు రోగులను రెండేళ్లు గమనించారు. "దేవుడు నన్ను వదిలేశాడు", "ఈ జబ్బు దయ్యం పనే" అనుకుంటూ మథనపడినవాళ్లలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించింది. జబ్బు తీవ్రత లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా అంతే. నమ్మకమే కారణమని దీంతో రుజువైపోదు. కానీ పట్టించుకోవాల్సిన సంగతి.

మన ఇళ్లలో ఈ మథనాన్ని పెంచి పోషించేది చుట్టాలే. "మొక్కు తీర్చలేదు, అందుకే ఇలా అయింది." "ఏ జన్మలో చేసుకున్న పాపమో." "విశ్వాసం తక్కువైంది, ప్రార్థన సరిపోలేదు." పిల్లలు పుట్టని కోడలికి, ఈఏపీసెట్‌లో ర్యాంకు రాని కుర్రాడికి, డిప్రెషన్‌తో మంచం దిగని మనిషికి ఈ మాటలు ఎంత బరువో అనేవాళ్లకు తెలియదు.

అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే దర్గాకు తీసుకెళ్లండి, పెంచలకోన నరసింహస్వామి గుడికి తీసుకెళ్లండి, చర్చిలో ప్రార్థన చేయించండి. కాదనను. అదే వారంలో డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి. రాత్రిపూట ఎవరికి చెప్పాలో తోచకపోతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి ఉంది, ప్రభుత్వానిదే. 14416కు ఫోన్ చేస్తే డబ్బులేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. నంబరు తెర మీద ఉంచుతున్నాను, రాసుకోండి.