బంగారు నాణెం ఎవరి జేబులోకి వెళ్లింది? కెప్టెన్ ఎహాబ్‌ని మేనేజర్లు ఎందుకు చదవాలి

నమస్కారం. లీడర్‌షిప్ గురించి కథల్లోంచి పాఠం చెప్పమంటే చాలామంది హీరో ప్రసంగం చేసే సీన్ ఎత్తుకుంటారు. వెనక మ్యూజిక్, చివర్లో చప్పట్లు. ఆఫీసులో అలాంటి రోజు ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. మేనేజర్‌కి తరచూ ఎదురయ్యేది వేరు. టీమ్‌లో ఒకరు లేచి "ఇది తప్పండి" అంటారు. అప్పుడు ఆ పెద్ద కుర్చీలో ఉన్నవాడు ఏం చేశాడా అనే నేను కథల్లో చూస్తాను.

అందుకే నాకు కెప్టెన్ ఎహాబ్ ఇష్టం. 1851లో వచ్చిన హెర్మన్ మెల్విల్ నవల 'మోబీ డిక్'లో తిమింగలాల వేట ఓడ కెప్టెన్ అతను. ఓడ యజమానులు పంపింది తిమింగలం నూనె కోసం. అతను బయల్దేరింది మాత్రం తన కాలు తీసేసిన తెల్ల తిమింగలం మీద పగ తీర్చుకోడానికి.

ఒకరోజు సిబ్బందిని పిలిచి, ఓడ స్తంభానికి ఒక బంగారు నాణెం మేకుతో కొడతాడు. ఆ తిమింగలాన్ని ముందు చూసినవాడికి ఇది అంటాడు. అందరూ ఊగిపోతారు. ఇక్కడ జరిగింది చూడండి. కంపెనీ లక్ష్యమే మారిపోయింది, ఎవరినీ అడగలేదు, ఇన్సెంటివ్ ప్రకటించారంతే! అతని కింద నంబర్ టూ స్టార్‌బక్ ఒక్కడే అడ్డం చెబుతాడు. మనం వచ్చింది వ్యాపారానికి కదా, నోరులేని జంతువు మీద పగేంటి అంటాడు. ఎహాబ్ మహా మాటకారి. స్టార్‌బక్ నోరు మూయించాడు, ఒప్పించలేదు. మీటింగ్‌లో ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టే అనుకునే మేనేజర్లు ఎంతమంది లేరు!

మాటకారితనం సంగతి మనకి గిరీశం ఎప్పుడో చూపించాడు లెండి. 'కన్యాశుల్కం'లో వెంకటేశం పరీక్ష తప్పాడు, చుట్ట కాల్చడం నేర్చుకున్నాడు, అయినా గురువుగారంటే ఆరాధన. టీమ్ మీటింగ్ నుంచి నవ్వుకుంటూ బయటికొచ్చిందని సంబరపడే బాస్‌కి ఈ ఒక్క సంగతి చాలు.

మళ్లీ ఓడ దగ్గరికి వద్దాం. అడుగున పీపాల్లోంచి నూనె కారుతోంది, ఆగి చూడాలి అని స్టార్‌బక్ కెప్టెన్ గదికి వెళ్లి చెబుతాడు. ఎహాబ్ తుపాకీ తీసి గురిపెడతాడు. స్టార్‌బక్ బెదరడు. నాకు కాదు, నువ్వు నీకే భయపడు అని చెప్పి వెళ్లిపోతాడు. కాసేపటికి ఎహాబ్ బయటికొచ్చి, పీపాలు పైకి తీయమని ఆర్డర్ ఇస్తాడు! అంటే వినడం రాని మనిషి కాదు. పీపాల విషయంలో వింటాడు, పగ విషయంలో వినడు. చిన్న చిన్న వాటిల్లో ఫీడ్‌బ్యాక్ తీసుకుని, అసలు నిర్ణయాన్ని మాత్రం ఎవరినీ తాకనివ్వని బాస్ ఇలాగే ఉంటాడు.

ఆ నాణెం? తిమింగలం కనిపించిన రోజు పైనుంచి టాష్టెగో అనే నావికుడు నేనూ అదే క్షణంలో చూశానంటాడు. కుదరదు, నేనే ముందు చూశాను, నాణెం నాదే అంటాడు ఎహాబ్. సాయంత్రానికి మళ్లీ కొత్త ఆఫర్, ఈసారి ఇంకా పెద్దది. మూడో రోజుకి ఓడ మునిగింది, కథ చెప్పడానికి మిగిలింది ఇష్మాయెల్ అనే నావికుడు ఒక్కడే. బోనస్ ఎవరికీ అందలేదు.

తప్పంతా కెప్టెన్‌దే అంటే నేను ఒప్పుకోను. ఒక రాత్రి ఎహాబ్ నిద్రపోతుంటే స్టార్‌బక్ తలుపు బయట తుపాకీ పట్టుకుని నిలబడతాడు, మళ్లీ పెట్టేస్తాడు. చెప్పింది చేయడం, కాదంటే కాల్చేయడం, చివరికి అతనికి ఈ రెండు దారులే మిగిలినట్టు కనిపించాయి. ఓడలో ఇంకో ఇద్దరు ఆఫీసర్లున్నారు, స్టబ్, ఫ్లాస్క్. ఒకడు అన్నిటికీ నవ్వుతాడు, ఇంకొకడు లోతుగా ఆలోచించడు. వాళ్లని తన వైపు తిప్పుకునే ప్రయత్నం కనిపించదు.

మూడో దారి కావాలంటే 1957 నాటి '12 యాంగ్రీ మెన్' సినిమా చూడండి. హత్య కేసులో ఒక కుర్రాడు దోషా కాదా అని పన్నెండు మంది జ్యూరర్లు, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు జనం, తేల్చాలి. ఎనిమిదో జ్యూరర్‌కి ఏ పదవీ లేదు. పదకొండు మంది దోషి అంటారు, ఇతనొక్కడే కాదంటాడు. కుర్రాడు నిర్దోషి అని మాత్రం వాదించడు, నాకు తెలియదు, కాసేపు మాట్లాడుకుందాం అంటాడు. తర్వాత చీటీలు వేయమంటాడు, తాను వేయడు. పదకొండూ దోషి అనే వస్తే మీతోనే ఉంటానంటాడు. ఒక్క చీటీ మారుతుంది. ఆ మార్చిన పెద్దాయన కూడా కుర్రాడు నిర్దోషి అని నమ్మి కాదు, ఇంకాస్త వినాలనిపించి. స్టార్‌బక్‌కి దొరకనిది ఈ రెండో మనిషే.

ఆ చీటీల పద్ధతి మీటింగ్‌లో బాగా పనికొస్తుంది, మేనేజర్ తన అభిప్రాయం ముందే చెప్పేయకపోతే. కాకపోతే నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటే చీటీలు పంచొద్దు. అయిపోయిందనే చెప్పండి, జనానికి కోపం వస్తే రానివ్వండి.