ఇంటిపేరు ఎక్కడిదమ్మా?

నమస్కారమండీ. ఈరోజు మాట్లాడుకోబోయే నవల సెలెస్ట్ ఇంగ్ రాసిన ‘లిటిల్ ఫైర్స్ ఎవ్రీవేర్’. 2017లో వచ్చింది, 2020లో సిరీస్‌గా కూడా తీశారు. ముందే చెప్తున్నా, కథలో గుట్టంతా విప్పేస్తాను. చదవాలనుకునేవాళ్ళు చదివొచ్చి ఈ వీడియో చూడండి.

అమెరికాలో ఒహాయో రాష్ట్రం. క్లీవ్‌లాండ్ పక్కనే షేకర్ హైట్స్ అని ఒక ఊరు, రచయిత్రి పెరిగిన ఊరే. చెత్తడబ్బా వీధిలోకి కనబడకూడదని ఇళ్ళ వెనక నుంచే చెత్త ఎత్తుకెళ్ళేవారక్కడ. అంత పద్ధతైన ఊళ్ళోకి 1997లో ఒక పాత ఫోక్స్‌వ్యాగన్ కారులో తల్లీకూతుళ్ళు దిగుతారు. తల్లి మియా, ఫొటోలు తీసే కళాకారిణి. కూతురు పెర్ల్‌కి పదిహేనేళ్ళు. ఊరు మారడం, బడి మారడం, మళ్ళీ సామాను సర్దుకోవడం, ఇదే ఆ పిల్ల బతుకు. ఈసారి మాత్రం ఇక్కడే ఉండిపోదామని తల్లి మాటిచ్చింది.

పెర్ల్ మనకి మొదట కనబడేది ఎలాగో తెలుసా? అద్దె ఇంటి ముందు గడ్డిలో కూర్చుని, పాత చెక్క మంచం ముక్కలు ఒకదానికొకటి బిగించుకుంటూ! స్థిరంగా ఉండాలన్న ఆశ ఎంతుందో ఆ ఒక్క పనిలో తెలిసిపోతుంది. నాకు అక్కడే గొంతు పట్టేసింది.

ఇంటి ఓనరు ఎలీనా రిచర్డ్‌సన్. ఈ నవల గురించి ఎవరు మాట్లాడినా మియాకీ ఎలీనాకీ మధ్య పోరు గురించే చెప్తారు. నన్ను పట్టుకున్నది మాత్రం మియా మౌనం. బడి పిల్లలు మ్యూజియానికి వెళ్తారు. గోడమీద ఒక ఫొటో: పసిబిడ్డని ఎత్తుకున్న తల్లి. ఆ తల్లి మియానే! ఏమిటమ్మా ఇదని కూతురు ఇంటికొచ్చి అడిగితే, మియా మాట దాటేస్తుంది.

దాచింది చిన్న సంగతి కాదు. చదువుకి డబ్బుల్లేక, పిల్లల్లేని దంపతుల కోసం బిడ్డని కనివ్వడానికి ఒప్పుకుంది మియా. ఈలోగా ప్రాణంలాంటి తమ్ముడు పోయాడు. కడుపుతో ఉన్న కూతుర్ని ఆ తల్లిదండ్రులు అంత్యక్రియలకి కూడా రావద్దన్నారు. ఆ దుఃఖంలో, బిడ్డ పోయిందని ఆ దంపతులకి అబద్ధం రాసి పారిపోయింది. తమ్ముడి పేరు వారెన్. తర్వాత ఆ పేరే ఇంటిపేరుగా పెట్టుకుంది. ఆలోచించండి, ఇన్నాళ్ళుగా ఆ పిల్ల ప్రతి బడిలో రాసుకున్న ఇంటిపేరు, తను ఎన్నడూ చూడని మేనమామ పేరు!

మియాది తప్పా ఒప్పా అంటే, ఆ దంపతుల్ని తలుచుకుంటే తప్పే అంటాను. కానీ కూతురు చెయ్యి జారిపోతుందన్న భయమే ఆమెని ఊరూరా తిప్పింది.

ఎలీనాదీ ఆ భయమే. ఆఖరి పిల్ల ఇజ్జీ పదకొండు వారాల ముందే పుట్టింది, బతుకుతుందో లేదో అన్నారు. ఆ రోజుల్లో పట్టుకున్న దిగులు పోనుపోను కసురుకోవడంగా మారిపోయింది. పిల్లకి వినబడింది కసురే, వెనకాల ఉన్న దిగులు కాదు. ఈ వరుస మన ఇళ్ళలో ఎంతమంది అమ్మాయిలకి తెలుసో చెప్పక్కర్లేదు.

ఒక్క చోట రచయిత్రి మీద నాకు కోపం. ఊరు విడిచే వేళ మియా అసలు సంగతి చెప్పేస్తుంది. తన పుట్టుక కథ విన్న పిల్ల మనసులో ఏం జరిగిందో మాత్రం తొందరగా దాటేశారు. ఆ రాత్రి పెర్ల్ పక్కన నాకింకా కాసేపు కూర్చోవాలనిపించింది. పాపం, ఆ మంచం బిగించుకుని నిండా ఏడాది కూడా కాలేదు.