ట్యాంకు నుంచి జెట్ దాకా: పాత ఎంజీబీలో పెట్రోల్ సమస్యలు

అందరికీ నమస్కారం.

ఈ రోజు మాట్లాడుకునేది ఎంజీబీ గురించి. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైన కారు ఇది. 1798 సీసీ ఇంజిన్. 1960ల బండ్లలో ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్4 రకం కార్బరేటర్లు (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపేవి) రెండు ఉంటాయి. కుడివైపు వెనక చక్రానికి కాస్త ముందు, బండి అడుగున కరెంటు పెట్రోల్ పంపు ఉంటుంది.

ఎక్కువమంది చెప్పే కంప్లయింట్ ఒకటే. స్లో స్పీడులో బండి చక్కగా ఉంటుంది, వేగం అందుకోగానే మిస్సింగ్, ఘాట్ రోడ్డు ఎక్కితే ఆగిపోతుంది. ఇది వినగానే మెకానిక్ చెయ్యి కార్బరేటర్ మీదికి వెళ్తుంది. దయచేసి అక్కడ ఆగండి. కార్బరేటర్ దాకా పెట్రోల్ సరిగ్గా వస్తోందో లేదో కొలవకుండా మిక్చర్ (పెట్రోల్, గాలి కలిసే పాళ్లు) తిప్పితే, ఉన్న ఒక్క సమస్య రెండవుతుంది. అంతకంటే ముందు ఇగ్నిషన్‌లో పాయింట్ల (స్పార్కు కోసం కరెంటు తెంచే కాంటాక్టులు) గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉందా, ఆ పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్ బాగుందా చూసుకోండి. పెట్రోల్ మీద వేసే నిందల్లో చాలావరకు ఇగ్నిషన్‌వే.

ఇక కొలత. ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, తొందరపడకండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బండి ఆరుబయట ఉండాలి, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి. కార్బరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి, లీటరు పట్టే డబ్బాలో పెట్టండి. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చెయ్యండి. నిమిషంలో కనీసం అర లీటరు పడాలి. పూర్తి జోరులో ఈ ఇంజిన్ గంటకు దాదాపు 30 లీటర్లు అడుగుతుంది, అంటే నిమిషానికి అర లీటరు. స్లో స్పీడుకి అందులో చిన్న వంతు చాలు కాబట్టి, సగం మూసుకుపోయిన పైపుతో కూడా బండి ఇంటి ముందు నిక్షేపంగా ఆడుతుంది.

పడే ధార వైపు కూడా చూడండి. ధార ఆగి ఆగి వస్తూ బుడగలు వస్తుంటే, ట్యాంకుకీ పంపుకీ మధ్య ఎక్కడో గాలి పీల్చుకుంటోంది. క్లిప్ వదులై ఉండొచ్చు, హోసు పగిలి ఉండొచ్చు. అటువైపు పైపులో లాగుడే తప్ప ఒత్తిడి ఉండదు కనుక పెట్రోల్ చుక్క కారకపోవచ్చు, తడి కనిపించకపోవచ్చు.

పంపు చప్పుడు చాలా చెబుతుంది. పైపు తిరిగి బిగించి, ఇగ్నిషన్ ఆన్ చేస్తే కాసేపు టిక్ టిక్‌మని కొట్టుకుని, కార్బరేటర్ల పక్కన పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెలు నిండగానే ఆగాలి. ఆగకుండా గబగబా కొట్టుకుంటే గాలి పీలుస్తోంది, లేదా ట్యాంకు ఖాళీ. బరువుగా, నెమ్మదిగా కొట్టుకుంటే దారి మూసుకుపోయింది. అసలు శబ్దమే లేకపోతే, తెల్ల వైరులో కరెంటు ఉందో, నల్ల ఎర్త్ వైరు తుప్పు పట్టలేదో మీటరుతో చూడండి. రెండూ బాగుండి, స్పానర్ పిడితో మెల్లగా తడితే పంపు లేస్తే, దాని లోపలి పాయింట్లు కాలిపోయాయి. బదులుగా ఎలక్ట్రానిక్ పంపు వేసేవారికి ఒక హెచ్చరిక: 1967కి ముందు బండ్లలో బ్యాటరీ పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ వైపు బాడీకి కలిపి ఉంటుంది. సరిపోయే పంపు కాకపోతే అది కాలిపోతుంది.

కొన్ని బండ్లు ఆగిపోయి, పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ నడుస్తాయి. అలాంటప్పుడు వెంటనే ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయి, బండి నడిస్తే గాలి రంధ్రం మూసుకుపోయింది. ఆ శబ్దం లేకపోతే ట్యాంకులోని తుప్పు పొడి పీల్చే గొట్టం జాలీకి అతుక్కుని, లాగుడు ఆగగానే రాలిపోతోందన్నమాట. మూత తీసి, పంపు దగ్గర ఊడదీసిన పైపులోంచి ట్యాంకు వైపు తక్కువ ఒత్తిడి గాలి కొడితే తాత్కాలికంగా నయమవుతుంది. అసలు వైద్యం ట్యాంకు దింపి కడగడమే. ఎంజీబీ ట్యాంకు తరచూ పైభాగంలో చిల్లులు పడుతుంది. దానికీ డిక్కీ అడుగుకీ మధ్య నీరు నిలుస్తుంది, కింద నుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది.

ఇదంతా తేలాకే కార్బరేటర్. గిన్నె పొంగి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి పెట్రోల్ కారుతుంటే గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వ్‌లో మట్టి ఉండొచ్చు, లేదా దాన్ని మూసే, గిన్నెలో తేలే ఫ్లోట్‌కి చిల్లి పడి ఉండొచ్చు. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఊపితే లోపల పెట్రోల్ వినిపిస్తుంది. మూడో కారణం, ఎవరో ఎక్కువ ప్రెషర్ పంపు తగిలించడం. ఈ కార్బరేటర్లకు దాదాపు 3 పీఎస్ఐ ఒత్తిడి చాలు. గిన్నె మూత తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్‌కీ మూత అంచుకీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. కార్బరేటర్ లోపలి పిస్టన్ పైకెత్తి వదిలితే టక్కుమని కిందికి పడాలి. ఆ పిస్టన్ పైన ఆయిల్ ఉండే గొట్టం, అంటే డ్యాష్‌పాట్‌లో, 20 గ్రేడు ఆయిల్ పోయండి.

మిక్చర్‌కి జెట్‌ని (పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) బ్రిడ్జితో (పిస్టన్ కింది గట్టు) సమం చేసి, అక్కడి నుంచి జెట్ కింది నట్టు రెండు పూర్తి చుట్లు, అంటే 12 పలకలు (నట్టు ముఖాలు), కిందికి తిప్పి మొదలుపెట్టండి. ఇంజిన్ వేడెక్కాక పిస్టన్‌ని ఒక మిల్లీమీటరుకి మించకుండా ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఇంజిన్ చచ్చిపోతే తక్కువ, కొద్దిగా పెరిగి సర్దుకుంటే సరిపోయింది. ఎంత తిప్పినా కుదరకపోతే థ్రాటిల్ స్పిండిల్ (యాక్సిలరేటర్‌తో తిరిగే కడ్డీ) అరిగి అక్కడ గాలి పీలుస్తోంది. కొత్త బుష్‌లు వేయించాల్సిందే.

మన దేశంలో ఈ బండి నడిపేవారికి ఈ20 పెట్రోల్ ఒక కొత్త బెడద. 20 శాతం ఇథనాల్ పాత రబ్బరుని మెత్తబెడుతుంది, గాల్లోని తేమని లాగుతుంది. నెలల తరబడి కదలని బండిలో నీరు అడుగున విడిపోతుంది. హోసులన్నీ తీసేసి, ఎస్ఏఈ జే30 ఆర్9 (పెట్రోల్ హోసుల ప్రమాణం) అని అచ్చు ఉన్నవి వేయండి. ఫ్లోట్ గిన్నెలకి వెళ్లే చిన్న ముక్కలు మర్చిపోవద్దు, ఎగ్జాస్ట్‌కి దగ్గరగా ఉండేవి అవే. ఇథనాల్‌కి గాలి తక్కువ చాలు, కాబట్టి పాత సెట్టింగు మీద ఇంజిన్‌కి పెట్రోల్ తక్కువపడి వేడెక్కుతుంది. పెట్రోల్ పెరిగేలా జెట్ నట్టు ఒకటి రెండు పలకలు కిందికి దింపి, కాసేపు గట్టిగా నడిపి, ప్లగ్గులు తీసి రంగు చూడండి. తెల్లగా ఉంటే ఇంకో పలక దింపండి, మసి పట్టి ఉంటే ఒకటి వెనక్కి తిప్పండి.