కేన్స్‌లో పది నిమిషాల చప్పట్లు: లెక్కపెట్టేది ఎవరు?

[తెర మీద: రెడ్ కార్పెట్, ఒకదాని మీద ఒకటి వార్తల హెడ్డింగులు]

మే నెలలో ఫ్రాన్స్‌లోని కేన్స్ సినిమా పండగ వచ్చిందంటే చాలు, ఈ వార్తలు మొదలవుతాయి. "ఫలానా సినిమాకి పది నిమిషాల స్టాండింగ్ ఒవేషన్!" అంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టడం. ఒక్కసారి పది నిమిషాలు ఆగకుండా చప్పట్లు కొట్టి చూడండి, అరచేతులు మండిపోతాయి. మరి అక్కడివాళ్లు ఎలా కొడుతున్నారు?

[హాలు లోపల]

ఇది గ్రాండ్ థియేటర్ లూమియేర్. సుమారు 2,300 సీట్లు. ప్రీమియర్ రాత్రి దర్శకుడు, నటీనటులు జనం మధ్యలోనే కూర్చుంటారు. సినిమా అవగానే కెమెరామన్ వాళ్ల దగ్గరికి వస్తాడు. వాళ్ల ముఖాలు లైవ్‌లో పెద్ద తెర మీద పడతాయి. హీరోయిన్ కళ్లు తుడుచుకుంటే చప్పట్లు జోరందుకుంటాయి. కెమెరా ఇంకో నటుడి వైపు తిరిగితే మళ్లీ ఊపు. అంటే పేరున్న నటులు ఎక్కువుంటే నిమిషాలూ పెరుగుతాయన్నమాట! చివరికి దర్శకుడి చేతికి మైక్ ఇస్తే గానీ హాలు సద్దుమణగదు. ఆ మైక్ ఎప్పుడొస్తుందన్నదాన్ని బట్టే చాలావరకు లెక్క మారుతుంది.

పైగా తీసినవాళ్లు ఎదురుగానే ఉన్నారు. భోజనం పెట్టిన పెళ్లివారి ముందే కూర బాగోలేదని ఎవరంటారు?

[తెర మీద: ఫోన్‌లో స్టాప్‌వాచ్]

ఇక లెక్కపెట్టేది వెరైటీ, డెడ్‌లైన్ లాంటి పత్రికల రిపోర్టర్లు. ఫోన్ తీసి టైమర్ నొక్కుతారు. అందుకే ఒకే సినిమాకి ఒకరు ఏడు రాస్తే ఇంకొకరు పది రాస్తారు.

2006లో 'పాన్స్ లాబిరింత్'కి 22 నిమిషాలని రాశారు. కేన్స్‌లో దానికి ఒక్క అవార్డూ రాలేదు, ఆస్కార్లు మాత్రం మూడొచ్చాయి. 2012లో 'ది పేపర్‌బాయ్'కి పావుగంట కొట్టారన్నారు. విమర్శకులేమో ఉతికి ఆరేశారు.

మన సంగతికొస్తే, 2024లో పాయల్ కపాడియా తీసిన 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్'కి ఎనిమిది నిమిషాలన్నారు. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో చదువుకున్న అమ్మాయి! ఆ ఎనిమిది నిమిషాల కన్నా, 30 ఏళ్ల తర్వాత ఒక భారతీయ సినిమా ప్రధాన పోటీలోకి వెళ్లి, అక్కడి రెండో పెద్ద అవార్డు గ్రాండ్ ప్రి గెలవడం ఎంత పెద్ద విషయం?

[తెర మీద: ప్రెస్ షో]

నన్నడిగితే, అసలు చూడాల్సింది విలేకరులకీ విమర్శకులకీ వేసే ప్రెస్ షో. అక్కడ తీసినవాళ్లు ఉండరు, మొహమాటం అక్కర్లేదు. నచ్చకపోతే గట్టిగా "బూ" అంటారు. అయితే అదీ అవార్డులు తేల్చే జ్యూరీ మాట కాదు. 2011లో 'ది ట్రీ ఆఫ్ లైఫ్'కి అక్కడ బూలు వినిపించాయి. ఆ ఏడాది కేన్స్ అన్నిటికన్నా పెద్ద అవార్డు పామ్ డోర్ దానికే వచ్చింది.