క్రిస్మస్ కానుకకు రెండో కుట్టు

సంఘ కాపరి అయ్యగారికి, అమ్మగారికి, స్త్రీల సమాజం బాధ్యులకు, ముందు వరుసలో కూర్చున్న నా తోటి తరం అక్కచెల్లెళ్లకు, వెనక మిషన్ల పక్కన నిలబడిన ఆడపిల్లలకు ప్రభువు నామంలో వందనాలు. ఉన్న ఈ గంటలో చెప్పవలసింది చాలా ఉంది కాబట్టి, నా గురించి ఇంతసేపు మంచి మాటలు చెప్పినవారికి కృతజ్ఞతలు తెలిపి నేరుగా విషయంలోకి వస్తాను.

క్రిస్మస్‌కు గుడ్డతో కుట్టి ఇవ్వదగిన చిన్న కానుకల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. మసిగుడ్డ, కళ్లజోడు సంచి, గుమ్మానికి వేలాడదీసే గుడ్డ నక్షత్రం, ఈ మూడింటినీ మీ ఎదుటే కత్తిరించి కుట్టి చూపిద్దామని కొలతలు కాగితం మీద రాసుకుని వచ్చాను. అయితే లోపలికి వస్తూ, ఈ ఏడు హాస్టలు ఆడపిల్లలకు ఇవ్వడానికి మీరు కుట్టి పెట్టిన 22 పుస్తకాల సంచులను గుమ్మం పక్క బల్ల మీద చూశాను. రంగుల ఎంపిక బాగుంది, అంచుకు వేసిన లేసు బాగుంది, ఒక్కొక్కదాని మీద కుట్టిన తెల్ల నక్షత్రం మరీ ముచ్చటగా ఉంది. నా అలవాటు కొద్దీ ఒక సంచిని తిరగేసి లోపలి వైపు చూశాను, ఆ తరువాత ఇంకొకటి చూశాను, ఆ తరువాత అన్నీ చూశాను. ఎవరు కుట్టారని నేను అడగలేదు, అడగను కూడా. కానీ ఆ సంచుల లోపలి వైపు చూశాక రాసుకొచ్చిన కాగితం ప్రకారం మాట్లాడటం నా వల్ల కావడం లేదు. నక్షత్రాన్ని ఈ రోజుకు వదిలేస్తున్నాను. ముందు సంచి గురించి చెప్పాలి.

1968లో నేను ఆరో తరగతి. నాన్న పోయిన తరువాత అమ్మ నన్ను ఒక హాస్టల్లో చేర్చింది. ఆ డిసెంబరులో ఒక పెద్ద పట్నం నుంచి, ఏదో సంఘంలోని స్త్రీలు మా హాస్టలు పిల్లలందరికీ కానుకలు కుట్టి పంపారు. నాకు వచ్చింది ఎర్రటి శాటిను సంచి. పైన జరీ పట్టీ, మధ్యలో తెల్లటి నక్షత్రం. అంతవరకు నా పుస్తకాలు తాడుతో కట్టుకుని భుజాన వేసుకునేదాన్ని. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ సంచిని మా వీధిలో అందరికీ చూపించి, చివరకు అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు దాన్ని పట్టుకుంది. పైన ఒకసారి నిమిరి, మెల్లగా లోపలికి తిప్పి చూసింది. చూసి, మళ్లీ ఎప్పటిలా తిప్పి నాకిస్తూ, "బరువైనవి పెట్టకమ్మాయ్" అని మాత్రం అంది. నేను ఆ మాట పట్టించుకోలేదు. పుస్తకాల సంచిలో పుస్తకాలు కాక ఏం పెడతారు?

జనవరిలో బడి తెరిచిన మొదటి రోజున, కాలువ గట్టు మీద నడుస్తూ ఉండగా ఆ సంచి అడుగు మొత్తం ఒక్కసారిగా విడిపోయింది. సిరా బుడ్డి రాయి మీద పడి పగిలింది, సాంఘికశాస్త్రం పుస్తకం బురదలో పడింది, నోటు పుస్తకాలు రెండు కాలువలోకి జారిపోయాయి. సాయంత్రం హాస్టల్లో నన్ను నిలబెట్టి అడిగారు. దాతలు అంత ప్రేమతో ఇచ్చిన వస్తువును నెల తిరగకుండా చింపేశావన్నారు, ఇలాంటి పిల్లలకు మంచివి ఇవ్వడం దండగ అన్నారు. పదేళ్లు దాటిన పిల్లకు ఆ మాటకు జవాబు చెప్పే జ్ఞానం ఎక్కడుంటుంది? నిజంగా నేనే చింపానని నమ్మాను. అన్నవారి మీద నాకిప్పుడు కోపం లేదు. వారు సంచి పైవైపు మాత్రమే చూశారు.

మా క్రాఫ్టు టీచరుగారు మరునాడు ఆ సంచిని తెప్పించుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లోపలి వైపు చూపించారు. శాటిను పోగులు ఊడిపోయే గుడ్డ. దానికి కుట్టు బయట కనీసం అర అంగుళం వదలవలసిన చోట వారు పావు అంగుళం కూడా వదల్లేదు. అంచు మడవలేదు. అంగుళానికి ఐదారు కుట్లు మాత్రమే పడేటట్టు మిషనును వదులుగా పెట్టి ఒకే ఒక్క వరుస లాగించారు. చివర దారం ముడి వేయలేదు, వెనక్కి కుట్టి బిగించలేదు. "ఇది నువ్వు చింపింది కాదే తల్లీ, వాళ్లు కుట్టనిది" అన్నారు టీచరుగారు. ఆ ఒక్క మాటతో నా మీద పడిన నింద పోయింది. నేను కుట్టు నేర్చుకున్నది, తరువాత ముప్పై ఏళ్లు పిల్లలకు నేర్పింది ఆ మాట వల్లనే.

అమ్మలారా, మీరు ఇచ్చే కానుక చినిగిపోతే నింద ఎవరి మీద పడుతుందో ఒక్క క్షణం ఆలోచించండి. మీ మీద పడదు. మీరు దాతలు, మీ ఫోటో గోడ మీద ఉంటుంది. నింద ఆ సంచి మోసిన పిల్ల మీద పడుతుంది.

మా అమ్మ ఎందుకు చేతులు కడుక్కుందో చెబుతాను. ఆమె నర్సాపురం దగ్గర ఇంట్లో కూర్చుని లేసు అల్లేది. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు మన గోదావరి జిల్లాల ఆడవాళ్లకు నేర్పిన ఆ కొక్కెం సూది పని ఇవాళ నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వేల ఇళ్లలో సాగుతోంది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మకు ఏజెంటు దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన ముక్కను మళ్లీ తూచి తీసుకునేవాడు. అది ఎక్కడో విదేశంలో ఎవరి బల్ల మీద పరుస్తారో ఆమెకు తెలియదు. అయినా ఒడిలో తెల్లటి పాత చీర ముక్క పరుచుకోకుండా, చేతులు కడుక్కోకుండా ఆమె సూది పట్టేది కాదు. ఒక పువ్వులో ఒక్క గొలుసు తప్పినా వరుసంతా విప్పేది. మరకపడితే ఆ ముక్కకు కూలి రాదు కాబట్టి భయమూ ఉండేది. కానీ భయం ఒక్కటే అయితే రాత్రి దీపం ముందు అన్ని వరుసలు విప్పి మళ్లీ అల్లేది కాదు.

ఈ హాలులో లేసు అల్లిన చేతులు ఎన్నో ఉన్నాయి. ముఖం తెలియని కొనుగోలుదారు కోసం గొలుసులు లెక్కపెట్టే చేతులే, మన పక్క వీధి హాస్టలు పిల్లకు కానుక కుట్టేటప్పుడు ఒక్క వరుసతో ఎందుకు సరిపెడుతున్నాయి? చాలా ఏళ్ల కిందట నేనున్న ఒక కమిటీలో, "పేదపిల్లలకే కదా టీచరుగారూ, అంత బిగువు అక్కర్లేదు, ఈ నెల దాటితే చాలు" అని ఒకరు నిండు సభలో అన్నారు. ఆ రోజు నేను లేచి మాట్లాడలేకపోయాను. ఈ రోజు మాట్లాడుతున్నది ఆనాటి మాటకు జవాబే. అమ్మకానికి పెట్టే సంచికి ఒక వరుస చాలునేమో, కొన్నవాడు తిరిగి వచ్చి దులిపేస్తాడు. ఉచితంగా ఇచ్చే సంచికి మాత్రం రెండు వరుసలు కావాలి. పుచ్చుకున్న పిల్ల తిరిగి వచ్చి అడగలేదు.

మొదటి సమూయేలు గ్రంథం రెండో అధ్యాయంలో హన్నా ఏటేటా బలి అర్పించడానికి వెళ్లేటప్పుడు, దేవుని మందిరంలో సేవకు విడిచిన కొడుకు సమూయేలు కోసం చిన్న అంగీ ఒకటి తీసుకువెళ్లేదని మనం చదువుతాం. కుట్టు పని చేసేదాన్ని కాబట్టి నాకు ఆ వాక్యం దగ్గర ఎప్పుడూ ఒకే ఆలోచన వస్తుంది. పిల్లవాడు ఎదురుగా లేడు. ఏడాదిలో ఎంత ఎదిగాడో చూడలేదు. భుజం ఎంత, చెయ్యి పొడవెంత అని ఆమె తన మనసులోనే కొలుచుకుని కుట్టి ఉంటుంది. మన కానుకలకు ఆ కష్టం లేదు. పిల్లలు మన ఊళ్లోనే ఉన్నారు. ఈ ఆదివారమే వెళ్లి, వారి పుస్తకాలు ఎంత పొడవున్నాయో టేపుతో కొలిచి రావచ్చు. అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయంలో యొప్పే పట్టణంలో బీదలకు బట్టలు కుట్టిపెట్టే దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలను పట్టుకువచ్చి పేతురుకు చూపించి ఏడ్చారు. చూపించడానికి ఆ అంగీలు మిగిలి ఉన్నాయంటే, ఆమె కుట్టు ఎలాంటిదో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు సంచి ఎలా కుట్టాలో వినండి. గుడ్డ కొనగానే కత్తెర పెట్టకండి. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయండి. నూలుగుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. పైగుడ్డ కుంచించుకుని లోపలి గుడ్డ అలాగే ఉంటే సంచి ముడతలు పడుతుంది. పెడన కలంకారీ ముక్కలు ఎవరో తెచ్చారు, చాలా సంతోషం. వాటిని విడిగా నానబెట్టి, తెల్లగుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూడండి. పిల్ల తెల్ల చొక్కాకు ఆ రంగు అంటితే తిట్లు తినేది ఆ పిల్లే.

చేతిపట్టీని పడుగు వెంట, అంటే గుడ్డ పొడవున నడిచే పోగుల వెంట కత్తిరించండి. పేక వెంట, అంటే అడ్డపోగుల వెంట కత్తిరిస్తే కొంత సాగుతుంది, ఏటవాలుగా కత్తిరిస్తే పూర్తిగా సాగిపోయి పట్టీ మోకాలి దాకా వేలాడుతుంది. పాప్లినుకు 14 నంబరు సూది, కాన్వాసుకు, జీన్సు గుడ్డకు 16 నంబరు సూది వాడండి. ఇంట్లో డబ్బాలో ఏళ్ల తరబడి పడి ఉన్న దారపు రీలును నమ్మకండి. ఒక మూర తీసి రెండు చేతులతో లాగి చూడండి, పుటుక్కుమంటే అది కానుకకు పనికిరాదు. అంగుళానికి పది కుట్లకు తగ్గకుండా మిషనును పెట్టుకోండి.

పక్క కుట్టు ఇలా వేయాలి. గుడ్డ మంచివైపు బయటికి ఉండేటట్టు రెండు ముక్కలనూ కలిపి పావు అంగుళం మీద మొదటి వరుస వేయండి. ఆ అంచును సగానికి కత్తిరించి, సంచిని తిరగేసి, వేలిగోరుతో గీసి ఇస్త్రీ చేసి, మొదటి కుట్టు లోపల ఇమిడిపోయేటట్టు రెండో వరుస వేయండి. పోగులు ఊడే అంచు రెండు కుట్ల మధ్య బందీ అవుతుంది, ఇంటర్‌లాకు మిషను లేని ఇంట్లో కూడా పని కుదురుతుంది. అయితే ఈ కుట్టుకు గుడ్డ ఎక్కువ పడుతుంది కాబట్టి ప్రతి పక్కకూ ముప్పావు అంగుళం ముందే వదిలి కత్తిరించుకోండి. అడుగున ఇంకో వరుస అదనంగా వేయండి. పట్టీ అతికే చోట చదరంగా కుట్టి, దాని మధ్య మూల నుంచి ఎదుటి మూలకు రెండు గీతలు కుట్టండి. ప్రతి వరుస మొదట, చివర నాలుగు కుట్లు వెనక్కి వేసి బిగించండి. పిల్లలారా, మీరు రాసుకుంటున్నారా? ఈ చివరి మాట రెండుసార్లు రాసుకోండి.

మసిగుడ్డ గురించి కూడా ఒక్క ముక్క చెప్పకుండా ఉండలేను, అది చేతులు కాల్చే వస్తువు. ఎనిమిది అంగుళాల చదరం చాలు. లోపల పాత నూలు తువ్వాలుగాని లుంగీగాని నాలుగైదు పొరలు పెట్టండి. పాత పాలియెస్టరు చీరలు, స్పాంజి ముక్కలు పెట్టకండి, వేడి గిన్నె తగిలితే అవి కరిగి చర్మానికి అంటుకుంటాయి. గుడ్డ ఏదో తెలియకపోతే ఒక పోగు లాగి నిప్పు చూపించండి. నూలు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలియెస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. చంటిపిల్లల బొమ్మలకు బొత్తాల కళ్లు పెట్టవద్దు, దారంతోనే కళ్లు కుట్టండి. ఊడిన బొత్తాం నోట్లోకి వెళుతుంది. కళ్లజోడు సంచి మీకందరికీ తెలిసిందే. లోపల మెత్తని పాత నూలుగుడ్డ పెడితే అద్దాల మీద గీతలు పడవు, అంతవరకు గుర్తుంచుకోండి.

క్రిస్మస్‌కు ఇంకా తొమ్మిది వారాలకు పైగా ఉంది. డిసెంబరు నడిమికి వచ్చేసరికి సెమీ క్రిస్మస్‌లు, క్యారల్ రౌండ్లు, పిండివంటలు మొదలై మనలో ఎవరికీ మిషను ముందు కూర్చునే తీరిక ఉండదు, ఒక వరుసతో ముగించే కుట్లన్నీ ఆ హడావుడిలోనే పడతాయి. కాబట్టి ఆగమన కాలపు మొదటి ఆదివారానికి, అంటే క్రిస్మస్‌కు నాలుగు ఆదివారాల ముందే కానుకలన్నీ పూర్తి కావాలి. హాస్టల్లోని 60 మంది పిల్లలకు అన్ని సంచులూ కుట్టలేమనుకుంటే, కొందరికి కుట్టండి, మిగిలినవారికి మంచి గట్టి సంచులు కొని ఇవ్వండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

బల్ల మీది ఆ 22 సంచుల కుట్లు విప్పాలి. లేసు, నక్షత్రాలు అలాగే ఉంచవచ్చు, పక్కలూ అడుగూ మాత్రమే మళ్లీ కుట్టాలి. ఈ సాయంత్రం చీకటి పడేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను. నాతో పాటు రెండు మిషన్లు, నలుగురు మనుషులు కావాలి.

ఒక వస్తువు తెచ్చాను. ఎర్ర సంచి విడిపోయిన ఆ నెలలోనే మా క్రాఫ్టు టీచరుగారు పాత ఖాకీ తెర గుడ్డతో నాకు ఇంకో సంచి కుట్టి ఇచ్చారు. దానికి జరీ లేదు, నక్షత్రం లేదు. పదో తరగతి అయ్యేదాకా నేను పుస్తకాలు అందులోనే మోశాను. అది ఇదే. తిరగేసి ఈ బల్ల మీద పెడుతున్నాను, అందరూ దగ్గరికి వచ్చి వేలితో తడిమి చూడండి. పట్టీ దగ్గర ఒకచోట దారం తెల్లగా కనిపిస్తుంది. అది టీచరుగారిది కాదు. 1972లో ఆ చోట అరిగిపోతే మా అమ్మ లేసు దారం మూడు పేటలు పేని చేత్తో వేసిన కుట్టు.