పైరసీ సైట్ల బ్లాకింగ్: కోర్టులో లేనివాళ్ల తరఫున ఒక మాట

అందరికీ నమస్కారం.

పైరసీ సినిమాలు, పాటలు, మ్యాచ్‌లు పెట్టే సైట్లను ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు తప్పనిసరిగా బ్లాక్ చెయ్యాలా? ఈ రోజు నాకిచ్చిన ప్రశ్న ఇది. నా జవాబు ముందే చెప్పేస్తాను. చెయ్యాలి. కాకపోతే కోర్టు చెప్పినప్పుడు, కోర్టు చెప్పినంత మేరకే చెయ్యాలి. ఏది పైరసీ, ఏది కాదు అని తేల్చే పని ఆ కంపెనీలకు అప్పగించకూడదు. బ్లాక్ చెయ్యమని అడిగినవాళ్లే దానికయ్యే ఖర్చూ, దానివల్ల అమాయకులకు జరిగే నష్టమూ భరించాలి. ఈ ఆఖరి మాట సినిమా రంగంలో ఉన్న మిత్రులకు రుచించదని తెలుసు. అందుకే ఎక్కువసేపు దాని గురించే మాట్లాడతాను.

ముందు వాళ్ల బాధ చెప్పుకోవాలి. సినిమా విడుదలైన సాయంత్రానికే ప్రింట్ నెట్‌లో తేలిందంటే, పోయింది పెద్ద హీరో డబ్బేలే అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. హీరోకి పారితోషికం అప్పటికే ముట్టి ఉంటుంది. దెబ్బ తగిలేది వడ్డీకి తెచ్చి పంపిణీ హక్కులు కొన్నవాళ్లకి, ఉన్నదంతా పెట్టి మొదటి సినిమా తీసినవాళ్లకి. వాళ్లకి రెండో సినిమా అంటూ ఉండదు. ఇక ఆ సైట్లు నడిపేవాళ్లు ప్రజాసేవేమీ చెయ్యడం లేదు. ఒక్క బటన్ నొక్కితే నాలుగు కిటికీలు తెరుచుకుంటాయి, వాటిలో బెట్టింగ్ ప్రకటనలు, ఫోన్‌లో దూరే వైరస్‌లు. వాళ్ల ఆదాయం అదే. వాళ్ల మీద నాకు రవ్వంత జాలి లేదు.

కానీ వాళ్లు దొరకరు. సర్వర్ ఒక దేశంలో, సైట్ పేరు రిజిస్టర్ చేసింది ఇంకో దేశంలో, మనిషి మరెక్కడో. నోటీసు పంపితే తీసుకునేవాడుండడు. కాబట్టి కోర్టులు దొరికినవాళ్ల వైపు తిరిగాయి. 2011 జూలైలో లండన్ హైకోర్టు న్యూజ్‌బిన్ అనే పైరసీ సైట్‌ను బ్లాక్ చెయ్యమని, అక్కడ ఇంటర్నెట్ ఇచ్చే బీటీ కంపెనీని ఆదేశించింది. పిల్లల మీద అఘాయిత్యాల చిత్రాలను అడ్డుకోవడానికి బీటీ దగ్గర అప్పటికే క్లీన్‌ఫీడ్ అనే ఏర్పాటు ఉండేది. ఆ ఏర్పాటు ఉంది కదా, దీనికీ వాడండి అన్నారు. నేను ఆ తీర్పును తప్పుపట్టడం లేదు. ఒక ఘోరాన్ని ఆపడానికి కట్టిన తలుపు కట్టి ఊరుకోదని, రేపు ఇంకొకరు వచ్చి దాన్నే వాడుకుంటామంటారని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో ఈ దారిలో పెద్ద మలుపు 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు. అప్పటివరకు ఒక సైట్‌ని మూయిస్తే, పేరులో ఒక అక్షరం మార్చుకుని మర్నాడు మళ్లీ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ కొత్తగా కేసు వెయ్యాలి. ఆ కోర్టు ఏమందంటే, అదే సైట్‌కి కొత్త నకళ్లు పుడితే మళ్లీ కేసు అక్కర్లేదు, అఫిడవిట్‌తో కోర్టు అధికారి అయిన జాయింట్ రిజిస్ట్రార్ దగ్గరికి వస్తే పాత ఆదేశాన్నే వాటికీ వర్తింపజేస్తాం అంది. దీన్నే డైనమిక్ ఇంజంక్షన్ అంటున్నారు. 2023 ఆగస్టులో అదే కోర్టు ఇంకో మెట్టు ఎక్కి, ఇంకా తయారు కాని సినిమాలకు కూడా ముందే రక్షణ ఇచ్చింది. దొంగ రోజుకో పేరు మారుస్తుంటే చట్టం నెలకో వాయిదా వేసుకుంటూ కూర్చుంటే కుదరదు. ఆ అవసరం నాకర్థమైంది.

అసలు బ్లాకింగ్ పనిచేస్తుందా అంటే, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బ్రిటన్‌లో జరిగింది పరిశీలించారు. 2012లో పైరేట్ బే అనే పైరసీ సైట్ ఒక్కదాన్నే మూసినప్పుడు డబ్బు కట్టి చూసేవాళ్లు పెరగలేదు, జనం పక్క సైట్‌కి పోయారు. 2013లో ఒకేసారి 19 సైట్లు మూసినప్పుడు మాత్రం చట్టబద్ధమైన సర్వీసుల వైపు వెళ్లినవాళ్లు పెరిగారు. అంటే పని జరగాలంటే ఒకటీ అరా మూస్తే చాలదు, గంపగుత్తగా మూయాలి. గంపగుత్తగా మూసినప్పుడు పొరపాట్లు కూడా గంపగుత్తగానే వస్తాయి. అసలు చిక్కు అక్కడే ఉంది.

అది ఎలా వస్తుందో చూద్దాం. ఇంటర్నెట్ కంపెనీకి ఒక మెయిల్ వస్తుంది. దానికి కోర్టు ఆదేశం జతచేసి ఉంటుంది, వెనక అనుబంధంగా కొన్ని వందల సైట్ల పేర్లు. గడువు చాలా తక్కువ. డ్యూటీలో ఉన్న ఇంజనీరు ఆ పేర్లను తీసి బ్లాక్ లిస్టులో ఎక్కిస్తాడు. ఆ సైట్లలో ఏముందో తెరిచి చూసే తీరిక అతనికి లేదు. చూసినా, ఇది తప్పు అని చెప్పే అధికారం లేదు. ఆదేశం పాటించకపోతే కోర్టు ధిక్కారం, పాటిస్తే ఎవరూ ఏమీ అనరు. అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కళ్లు మూసుకుని ఎక్కించేస్తారు.

ఎక్కించే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి, సైట్ పేరు అడిగినప్పుడు దాని అడ్రస్ చెప్పకుండా ఉండడం, అంటే డీఎన్ఎస్ బ్లాకింగ్. రెండోది, ఆ సర్వర్ ఉన్న ఐపీ అడ్రస్‌నే, అంటే నెట్‌లో దాన్ని గుర్తించే నంబరునే, మూసెయ్యడం. ఈ రెండోది చాలా మొరటు పని. ఈ రోజుల్లో ఒక్క ఐపీ అడ్రస్ వెనక వేల సైట్లు ఉండొచ్చు. అపార్ట్‌మెంట్‌లో ఒక్క ఫ్లాట్‌లో దొంగ సరుకు ఉందని మెయిన్ గేటుకి తాళం వేసినట్టు ఉంటుంది. 2013లో ఆస్ట్రేలియాలో పెట్టుబడి మోసాల సైట్లను ఆపబోయి ఒక ప్రభుత్వ సంస్థ ఒకసారి సుమారు 1,200 సైట్లను, ఇంకోసారి ఏకంగా రెండున్నర లక్షల సైట్లను మూయించింది. ఆ రెండున్నర లక్షల్లో దాదాపు అన్నీ ఖాళీ సైట్లే అని ఆ సంస్థ తర్వాత చెప్పుకుంది. ఖాళీ కాబట్టి బతికిపోయాం.

పేజీ వరకే బ్లాక్ చెయ్యొచ్చు కదా, సైట్ మొత్తం ఎందుకు అని మీరు అడగొచ్చు. 2012లో సరిగ్గా ఆ ప్రశ్నే వచ్చింది. మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఒక ఆదేశాన్ని పట్టుకుని కంపెనీలు విమియో, డైలీమోషన్ లాంటి వీడియో సైట్లను మొత్తంగా మూసేశాయి. గోల లేచాక కోర్టు వివరణ ఇచ్చింది: పైరసీ కాపీ ఉన్న లింక్ వరకే మూయండి, సైట్ మొత్తం కాదు అని. చక్కని వివరణ. కానీ ఆనాడు చాలా సైట్లు ఎన్‌క్రిప్షన్, అంటే మధ్యవాళ్లు చదవలేకుండా చేసే ఏర్పాటు, లేకుండా నడిచేవి, మనం ఏ పేజీ అడిగామో కంపెనీకి కనిపించేది. ఇప్పుడు దాదాపు ప్రతి సైట్‌కీ తాళం గుర్తు ఉంది. మనం ఏ సైట్‌కి వెళ్లామన్నది కంపెనీకి తెలుస్తుంది గానీ, లోపల ఏ పేజీ చూశామో తెలియదు. కాబట్టి లింక్ వరకే మూయమని కోర్టు చెప్పినా కంపెనీ చేతిలో ఆ సాధనం లేదు. మూస్తే సైట్ మొత్తం మూయాలి, లేకపోతే లేదు. ఈ సంగతి ఆదేశాలు రాసేవాళ్లందరి దృష్టికీ వస్తోందని నాకు నమ్మకం లేదు.

దాని ఫలితం 2017 ఆగస్టులో చూశాం. రెండు హిందీ సినిమాల కోసం తెచ్చిన మద్రాసు హైకోర్టు ఆదేశాల్లో రెండు వేలకు పైగా సైట్ల జాబితా ఉంది. అందులో ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా చేరింది. కాపీరైట్ తీరిపోయిన పుస్తకాలు, మూతపడిన వెబ్‌సైట్ల పాత పేజీలు, పాత రికార్డింగులు దాచిపెట్టే లైబ్రరీ అది. పరిశోధన చేసేవాడు ఉదయం లేచి తెరిస్తే తెర మీద కనిపించిందల్లా టెలికాం శాఖ ఆదేశం ప్రకారం బ్లాక్ చేశాం అన్న ఒక్క ముక్క. ఎవరు అడిగారు, ఎందుకు, ఎన్నాళ్లు, ఎవరికి చెప్పుకోవాలి? ఏమీ లేదు.

ఆ కేసు జరిగిన కోర్టు హాలు ఒకసారి ఊహించుకోండి. నిర్మాత తరఫు లాయరు ఉన్నాడు. పైరసీ చేసినవాడు రాలేదు, రాడు. ఇంటర్నెట్ కంపెనీలు పేరుకి ప్రతివాదులు. ఈ సైట్ పోతే వాళ్లకి పోయేదేమీ లేదు, పోరాడితే లాయరు ఖర్చు. ఆ జాబితాలో పొరపాటున చిక్కుకున్నవాడికి కేసు జరుగుతోందనే తెలియదు. అతని సైట్ వాడుకునే జనానికి అసలే తెలియదు. అంటే నష్టపోయేవాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఆ హాల్లో ఒక్కడు కూడా లేడు. ఒక పక్షమే మాట్లాడిన కేసులో జాబితా ఎవరు తయారుచేస్తే అదే తీర్పవుతుంది.

వేగం పెంచిన కొద్దీ ఇది ముదురుతుంది. ఇటలీలో మ్యాచ్‌ల పైరసీ ఆపడానికి 2024 ఫిబ్రవరిలో పైరసీ షీల్డ్ అనే వ్యవస్థ మొదలుపెట్టారు. హక్కుదారులు ఫిర్యాదు ఎక్కించిన 30 నిమిషాల్లో కంపెనీలు మూసెయ్యాలి. ఆ అక్టోబరులో గూగుల్ డ్రైవ్ ఫైళ్లు దిగే అడ్రస్ కూడా ఆ జాబితాలో పడింది. దేశమంతా జనం తమ సొంత ఫైళ్లు తెరవలేకపోయారు. స్పెయిన్‌లో 2025 ఫిబ్రవరి నుంచి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్నప్పుడల్లా, ఎన్నో సైట్లకు తన సర్వర్ల ద్వారా సేవలందించే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఐపీ అడ్రస్‌లు మూస్తుంటే, వాటి వెనకున్న మామూలు వ్యాపారాల సైట్లు వారాంతాల్లో ఆగిపోయాయి. బంతాటతో ఏ సంబంధం లేనివాడు మ్యాచ్ అయ్యేదాకా తన దుకాణం తెరవలేకపోతున్నాడు. ఇది అన్యాయం అనడానికి నేను వెనకాడను.

ఇదే పనిని పద్ధతిగా చేసిన కోర్టులూ ఉన్నాయి. 2017లో ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల కోసం లండన్ హైకోర్టు ఇచ్చిన ఆదేశం చూడండి. మ్యాచ్ నడిచే సమయంలో మాత్రమే బ్లాక్. సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీకి నోటీసు వెళ్లాలి, వాళ్లు కోర్టుకు వచ్చి మార్చమని అడగొచ్చు. అంతకు మూడేళ్ల ముందు, 2014లో, నకిలీ సరుకు అమ్మే సైట్ల కేసులో అదే న్యాయమూర్తి ఆర్నాల్డ్ ఇంకా మంచి మాట అన్నారు. బ్లాక్ పేజీ మీద ఈ ఆదేశం తెచ్చుకున్నదెవరో రాయాలి, దీనివల్ల ఇబ్బంది పడ్డవాళ్లు కోర్టుకు రావచ్చని కూడా రాయాలి, ఆదేశానికి ఒక గడువు ఉండాలి. అదే ఏడాది యూరప్ న్యాయస్థానం కూడా ఆస్ట్రియా కేసులో, వాడుకరులకు కోర్టులో తమ మాట చెప్పుకునే వీలు ఉండి తీరాలంది.

ఖర్చు విషయానికొస్తే, 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది: తప్పు చెయ్యని ఇంటర్నెట్ కంపెనీ ఈ ఆదేశం అమలు చెయ్యడానికి అయ్యే ఖర్చును హక్కుదారే ఇవ్వాలి. నాకు ఈ తీర్పు చాలా ఇష్టం. డబ్బు తన జేబులోంచి పోతుందంటే జాబితాలో ఒక్కో పేరు రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఉచితమైతే రెండు వేల పేర్లు రాస్తారు.

డేటా అమ్ముకుని బాగుపడుతున్నది ఆ కంపెనీలే కదా, వాళ్లే కనిపెట్టి ఆపాలి అని కొందరంటారు. అలా చెయ్యాలంటే ప్రతి మనిషి ఏం చూస్తున్నాడో, ఏం దించుకుంటున్నాడో నిరంతరం చూస్తూ ఉండాలి. 2011 నవంబరులో యూరప్ న్యాయస్థానం బెల్జియం కేసులో ఇది కుదరదని గట్టిగా చెప్పింది. బ్లాక్‌ను దాటించే వీపీఎన్ పెట్టుకుంటే ఇవన్నీ దండగే అనేది ఇంకో వాదన. అందరూ అంత తంటా పడరు, కాబట్టి దండగ కాదు. కానీ ఆ కొద్దిమందిని కూడా వదలకూడదని పట్టుబడితే ఎక్కడికి పోతామో ఫ్రాన్స్ చూపించింది. 2024లో, ఇంటర్నెట్ కంపెనీ డీఎన్ఎస్‌కి బదులుగా కొందరు వాడుకునే గూగుల్, క్లౌడ్‌ఫ్లేర్, సిస్కోల డీఎన్ఎస్ సర్వీసులు కూడా బ్లాక్ చెయ్యాలని పారిస్ కోర్టు ఆదేశిస్తే, సిస్కో తన ఓపెన్ డీఎన్ఎస్‌ను ఆ దేశంలో ఆపేసుకుంది. కొంత పైరసీ మిగిలిపోతుందని ఒప్పుకుని ఆగడమే మేలు.

విడుదల రోజు తొందర నిజమే, దాన్ని నేను కాదనను. ముందురోజే తాత్కాలిక ఆదేశం ఇవ్వండి. కానీ పూర్తిగా పైరసీకే నడిచే సైట్లకు మాత్రమే ఇవ్వండి. వారం తిరిగేలోపు ఆ జాబితాను కోర్టు నియమించిన ఒక లాయరు, ఒక నెట్‌వర్క్ ఇంజనీరు కలిసి పేరు పేరునా చూడాలి. వాళ్లు అక్కడ కూర్చునేది కోర్టుకు రానివాళ్ల తరఫున. మూసిన సైట్ల జాబితా ఎవరైనా చూసుకునేలా బయట పెట్టాలి. పొరపాటని తేలితే ఒక్క రోజులో తెరవాలి, నష్టపరిహారం కోసం, బ్లాక్ చెయ్యమని అడిగినవాళ్లు ముందే కోర్టులో కొంత డబ్బు జమ చేసి ఉంచాలి.

ఈ సభలో లా చదువుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. రేపు మీలో ఎవరో ఒకరు నిర్మాత తరఫున ఇలాంటి పిటిషన్ రాస్తారు, తప్పకుండా రాయండి. చివర జతచేసే అనుబంధంలో ఉన్న ప్రతి సైట్‌నీ సంతకం పెట్టే ముందు మీరే తెరిచి చూడండి. నా మాట ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.